వియత్నామీ భాషలో నిన్నటి సంగతి: మీకు తెలుసా?

డబ్లిన్ నగరానికి దక్షిణాన చెర్రీవుడ్ అనే పేట ఉంది. లువాస్ ట్రామ్ ఆకుపచ్చ లైను దాదాపు చివరికొచ్చే చోటు అది. అది దాటితే బ్రైడ్స్ గ్లెన్, అంతటితో పట్టాలు ఆగిపోతాయి. స్టేషన్ బోర్డు మీద రెండు పేర్లుంటాయి. ఒకటి ఇంగ్లీషులో, ఇంకొకటి ఐరిష్‌లో: క్విల్ నా షిలీనీ, అంటే చెర్రీల అడవి. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో వియత్నామీ, బోర్డు మీద ఐరిష్. పక్కింటావిడను నేను 'కో' అని పిలుస్తాను. వాళ్ల భాషలో కో అంటే అత్తయ్య లాంటి మాట. ఆవిడ నన్ను 'కాన్' అంటుంది, అంటే బిడ్డా అని. ఆవిడ దగ్గర కూర్చుని వియత్నామీ నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నా మొదటి ప్రశ్న ఒక్కటే: జరిగిపోయినదాన్ని మీ భాషలో ఎలా చెప్తారు? ఆ ప్రశ్న వెంట దొరికిన విశేషాలివి. వియత్నామీ మాటలను ఆవిడ పలికే దక్షిణాది యాసకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. రాగాలు మాత్రం మన లిపిలో పట్టవు.

● వియత్నామీ క్రియకు భూతకాల రూపమే లేదని మీకు తెలుసా?

'అన్' అంటే తిను. తిన్నాను, తిన్నాడు, తింటాను, తింటున్నాం, అన్నింటికీ అదే 'అన్'. 'డి' అంటే వెళ్లు. నిన్న వెళ్లినా డి, రేపు వెళ్లినా డి. ఈ పేటలో వినిపించే భాషలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఎంత వింతో తెలుస్తుంది. ఇంగ్లీషు భూతకాలాన్ని సాధారణంగా క్రియ చివర తగిలిస్తుంది. ఐరిష్ క్రియ మొదటి అక్షరాన్నే మెత్తబరుస్తుంది: బ్రిష్ అంటే విరువు, వ్రిష్ అంటే విరిచాడు. తెలుగు దాన్ని నడుమ దాస్తుంది. 'తిన్నాడు'లో తిను ముందు, డు చివర, ఆ రెండింటి మధ్య కాలం. వియత్నామీ క్రియను అసలు తాకదు. కాలం చెప్పే పనంతా చుట్టూ ఉన్న చిన్న చిన్న మాటలది.

● నిన్న అన్నాక ఇంకేం చెప్పక్కర్లేదు.

'హోమ్ క్వా తోయ్ డి డబ్లిన్.' మాటకు మాట పెడితే: నిన్న, నేను, వెళ్లు, డబ్లిన్. అంతే, వాక్యం పూర్తయింది. 'హోమ్ క్వా' అంటే నిన్న. అందులో 'క్వా' అంటే దాటు, గడిచిపోవు. కాబట్టి నిన్న అంటే వాళ్లకు దాటిన రోజు. మనం పోయిన వారం, పోయిన ఏడు అనడం లేదూ, అలాగే. దక్షిణ వియత్నాంలో పోయిన వారాన్ని 'త్వన్ రోయ్' అంటారు. త్వన్ అంటే వారం, రోయ్ అంటే అయిపోయింది. అయిపోయిన వారం.

నిన్నకు ముందు రోజు 'హోమ్ కిఅ', మన మొన్న. ఇంకొక రోజు వెనక్కి వెళ్లాలంటే ఆ కిఅనే రాగం దించి పలకాలి. అది మన అటుమొన్న. ఎల్లుండికి కూడా ఇదే కిఅ వాడతారు, ముందు మాట మారుతుంది: 'ఙై కిఅ'. కిఅ అంటే అదిగో అక్కడ. మధ్యలో ఒక రోజును విడిచి అవతలి దాన్ని వేలుతో చూపిస్తున్నట్టు ఉంటుంది, వెనక్కైనా ముందుకైనా. ఇక ఙ అక్షరం మాటంటారా? మనం వాఙ్మయం రాసేటప్పుడు తప్ప దాన్ని తలచుకోం. వియత్నామీలో దానితో మొదలయ్యే మాటలు కోకొల్లలు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన ఆ అక్షరం ఇన్నేళ్లకు పనికొచ్చిందని నాకెంతో సంతోషమేసింది.

● కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు 'డా'.

పాఠ్యపుస్తకాల్లో మూడు మాటలు వరసగా కనిపిస్తాయి. జరిగినదానికి 'డా', జరుగుతున్నదానికి 'డంగ్', జరగబోయేదానికి 'సే'. చూడగానే ప్రాణం లేచొస్తుంది. హమ్మయ్య, మూడు కాలాలకు మూడు మాటలు! ఇక ప్రతి క్రియ ముందూ డా పెట్టేస్తాం. నిన్న డా లేచాను, డా కాఫీ తాగాను, డా ట్రామ్ ఎక్కాను. తప్పని ఎవరూ అనరు కానీ పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. నిన్న అన్నాక డా అక్కర్లేదు. కథ చెప్తున్నా అక్కర్లేదు. జరిగిందని నొక్కి చెప్పాలన్నప్పుడో, చెప్పకపోతే అర్థం తారుమారయ్యేటప్పుడో పెడతారు.

అసలు కిటుకు ఇంకోటుంది. 'కాన్ డా లన్' అన్నారనుకోండి. కాన్ అంటే పిల్ల, లన్ అంటే పెద్ద. డా భూతకాలమే అయితే ఒకప్పుడు పిల్ల పెద్దగా ఉండేది అని అర్థం రావాలి. కానీ దాని అర్థం 'పిల్ల పెద్దదయింది'. ఇప్పుడు పెద్దదే. అంటే డా చెప్పేది గడిచిన కాలాన్ని కాదు, ఒక మార్పు పూర్తయిందని. వియత్నామీకి కాలం లేదు, పని పూర్తయిందా లేదా అన్న తేడాయే ఉందని కావ్ సువన్ హావ్ అనే భాషా శాస్త్రవేత్త గట్టిగా వాదించారు. అందరూ ఒప్పుకోలేదు, చర్చ సాగుతూనే ఉంది. నా మట్టుకు నాకు ఆయన మాట పట్టుకున్నాకే భాష వంటబట్టింది.

తెలుగువాళ్లకు ఇది కష్టం కూడా కాదు. 'రేపు వచ్చి చెప్తా' అంటాం. ఆ 'వచ్చి' మన బళ్లో క్త్వార్థకం. రూపం చూస్తే జరిగిపోయిన పని, కానీ వచ్చేది రేపు. చెప్పడం కన్నా ముందే రావడం పూర్తవుతుందని తప్ప అందులో నిన్నా లేదు, రేపూ లేదు.

● ఇదే డా వాక్యం చివరికొస్తే 'ముందు' అయిపోతుంది. 'అన్ డా' అంటే ముందు తిను, తక్కిన పనులు తరవాత.

● వాక్యం చివర 'రోయ్' అంటే చాలు, పని అయిపోయినట్టే.

నన్నడిగితే మొదట నేర్చుకోవలసిన మాట డా కాదు, ఇది. హనోయి వైపు దీన్ని జామకాయలో జ లాగా దంత్యంగా, 'జోయ్' అని పలుకుతారు. సైగాన్ వైపు రోయ్. 'అన్ కమ్ రోయ్', అన్నం తినేశా. 'హియూ రోయ్', అర్థమైంది. 'బియెత్ రోయ్', తెలిసింది. 'ఖుయా రోయ్', పొద్దుపోయింది.

ఆ తెలుగు అర్థాలను మళ్లీ ఒకసారి చూడండి. ఇప్పుడే, ఈ క్షణంలో అర్థం కావడాన్ని మనం అర్థమైంది అంటాం. తెలుసు వేరు, తెలిసింది వేరు. వియత్నామీలో 'బియెత్'కు, 'బియెత్ రోయ్'కు మధ్య ఉన్నది సరిగ్గా ఆ తేడాయే. ఇంగ్లీషు మీదుగా వెళ్లి నేర్చుకుంటే ఈ మెలిక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే ఒక్క పూట చాలు. అందుకే అంటున్నాను, వియత్నామీ నేర్చుకునే తెలుగువాళ్లు ఇంగ్లీషును మధ్యలో పెట్టుకోకండి.

రోయ్ రెండు పనుల మధ్య కూడా కూర్చుంటుంది. 'అన్ కమ్ రోయ్ డి.' అన్నం తిని వెళ్లు. మన 'తిని'లోని ఆ చివరి ఇకారం చేసే పనే అక్కడ రోయ్ చేస్తుంది.

● కొంప మునిగినప్పుడు వియత్నామీలు ఏమంటారో తెలుసా?

'చేత్ రోయ్!' చేత్ అంటే చావు, రోయ్ అంటే అయిపోయింది. చచ్చాం! తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నా, పొయ్యి మీద పాలు పొంగినా ఇదే మాట. మొదటిసారి కో నోట విన్నప్పుడు అడక్కుండానే అర్థమైపోయింది.

● అన్నం తిన్నావా?

'కాన్ అన్ కమ్ చుఅ?' ఎదురుపడితే కో మొదట అడిగేది ఇది. కమ్ అంటే అన్నం. మన 'భోజనం అయిందా' లాగే వాళ్లకూ ఇది సగం ప్రశ్న, సగం పలకరింపు. కానీ వ్యాకరణం కోసం ఇక్కడ కాసేపు ఆగాలి.

చివరనున్న 'చుఅ' అంటే 'ఇంకా లేదు'. అంటే ఆ ప్రశ్నను విడదీస్తే 'బిడ్డా, అన్నం తినడం, ఇంకా లేదా?' అని వస్తుంది. జవాబులు రెండే. తింటే 'రోయ్', తినకపోతే 'చుఅ'. అవును, కాదు అనే మాటలతో పనే లేదు. తెలుగులోనూ 'తిన్నావా?' అంటే 'తిన్నా' అనో 'ఇంకా లేదు' అనో అంటాం. ఐరిష్‌లోనైతే అవును, కాదు అనడానికి విడి మాటలే లేవు. 'ఆర్ ఇహ్ తూ?' అంటే తిన్నావా? జవాబు 'డిహ్', తిన్నా. క్రియనే తిరిగి చెప్పాలి. ఇన్ని వేల మైళ్ల దూరంలో పుట్టిన మూడు భాషలు అన్నం దగ్గర ఒకేలా మాట్లాడతాయి.

చుఅకు ఒక అన్న ఉన్నాడు: 'ఖొంగ్', అంటే లేదు, కాదు. ఈ ఇద్దరినీ కలిపేస్తే చిక్కే. మీరు శాకాహారులనుకోండి. మాంసం తినను అనాలంటే 'తోయ్ ఖొంగ్ అన్ థిత్'. ఖొంగ్‌కు బదులు చుఅ పెడితే ఇంకా తినలేదు అని అర్థం వస్తుంది. పాపం, వాళ్లు వెంటనే గిన్నె నింపి తెస్తారు. పెళ్లి సంగతి అడిగినప్పుడు ఇంకోలా ఉంటుంది. అక్కడ ఖొంగ్ అంటే పెడసరంగా వినిపిస్తుంది. పెళ్లి ఆలోచనే లేనివాళ్లు కూడా మర్యాదగా చుఅ అనే అంటారు. మన పెద్దవాళ్ల ముందు 'ఇంకా కాలేదండీ' అనడం లాంటిదే.

● తెలుగు కూడా ఒక చోట వియత్నామీలా మారిపోతుందని గమనించారా?

నేను తిన్నాను, నువ్వు తిన్నావు, ఆమె తిన్నది, వాళ్లు తిన్నారు. మనిషి మారితే క్రియ మారుతుంది. ఇప్పుడు వ్యతిరేకంలో చెప్పండి. నేను తినలేదు, నువ్వు తినలేదు, ఆమె తినలేదు, వాళ్లు తినలేదు. ఒక్కటే రూపం! మనిషి గుర్తు లేదు, కాలం గుర్తూ విడిగా లేదు. చిన్నప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నాకు కనిపించింది వియత్నామీ నేర్చుకున్నాకే.

● ఒకే ప్రశ్నలో మాటల వరస మార్చితే రేపు నిన్న అవుతుంది.

'ఖి నావ్' అంటే ఎప్పుడు. దాన్ని వాక్యం మొదట పెట్టి 'ఖి నావ్ కో డి?' అంటే అత్తా, ఎప్పుడు వెళ్తావు? చివర పెట్టి 'కో డి ఖి నావ్?' అంటే అత్తా, ఎప్పుడు వెళ్లావు? మాటలన్నీ అవే. ఒక్క అక్షరం చేరలేదు, ఒక్క అక్షరం పోలేదు. నేను చూసిన వ్యాకరణాలన్నింటిలో ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకొకటి లేదు. మొదటి వారంలోనే దీన్ని నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

● 'ఇప్పుడే' అనడానికి 'మయ్' అనే మాట ఉంది.

'తోయ్ మయ్ అన్ కమ్', ఇప్పుడే అన్నం తిన్నా. మయ్ అంటే కొత్త కూడా. అంటే ఆ పని ఇంకా కొత్తది, వేడి చల్లారలేదు. ఇంకా నొక్కి చెప్పాలంటే ముందు 'వుఅ' చేర్చి 'వుఅ మయ్' అంటారు. రాగం దగ్గర జాగ్రత్త. మయ్‌ను పైకి లేపి పలకాలి. దించి పలికితే అది వేరే మాట, అర్థం ఆహ్వానించడం. ఇప్పుడే తిన్నానని చెప్పబోయి భోజనానికి పిలిచినట్టవుతుంది.

ఐర్లండ్‌లో దీనికో చక్కని జోడీ ఉంది. ట్రామ్ ఇప్పుడే తప్పిపోయింది అనడానికి ఇక్కడివాళ్లు ఇంగ్లీషులో 'ఐ యామ్ ఆఫ్టర్ మిస్సింగ్ ది ట్రామ్' అంటారు. ట్రామ్ తప్పిపోయిన తరవాత నేనున్నాను అన్నట్టు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తలకెక్కదు, తరవాత తప్పిపోదామని ఎందుకనుకుంటున్నారా అనిపిస్తుంది. అది ఐరిష్ భాష నుంచి ఇంగ్లీషులోకి దిగిన పలుకుబడి. ఐరిష్‌లో ఇప్పుడే చేశాను అనడానికి చేసిన తరవాత ఉన్నాను అనే అంటారు. చాలామంది రోజువారీ మాటల్లోంచి ఐరిష్ తప్పుకున్నా, దాని ఎముకలు ఇంగ్లీషులో నిలిచాయి.

● ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదానికి 'తుంగ్'.

'తోయ్ తుంగ్ సొంగ్ ఒ హైదరాబాద్.' ఒకప్పుడు హైదరాబాద్‌లో ఉండేదాన్ని. మనం దీన్ని క్రియలోనే ఇముడుస్తాం: ఉండేదాన్ని, తిరిగేవాణ్ని, ఆడేవాళ్లం. వియత్నామీలో తుంగ్ ఆ బరువు మోస్తుంది. జీవితంలో ఒక్కసారైనా చేసిన పనికీ ఇదే.

బ్రైడ్స్ గ్లెన్ స్టేషన్ దగ్గర నిలబడితే ఈ మాటకు అర్థం కంటికే కనిపిస్తుంది. పక్కన లోయ మీద ఎత్తైన పాత రాతి వంతెన ఉంది. 1854లో మొదలైన హార్కోర్ట్ స్ట్రీట్ రైలు మార్గం దాని మీదుగా వెళ్లేది. 1958 డిసెంబరు 31తో ఆ రైళ్లు ఆగిపోయాయి. 2010 అక్టోబరులో లువాస్ ఇక్కడిదాకా వచ్చింది కానీ ఆ వంతెన ఎక్కలేదు, దాని ఇవతలే ఆగింది. ఇక్కడ రైలు నడిచేది. తుంగ్.

● కథ ఎలా మొదలవుతుంది?

'ఙై సుఅ ఙై సుఅ.' ఙై అంటే రోజు, సుఅ అంటే పాతకాలం. రెండుసార్లూ సుఅ అనే అంటారు కానీ మొదటిదాని రాగం వేరు, అందుకే ఊయల ఊపినట్టు వినిపిస్తుంది. మన 'అనగనగా' కూడా అనగా అనగా అని ఒకే మాట రెండుసార్లే కదా. ఆ ఒక్క మాటతో పిల్లలను పాతకాలంలోకి తీసుకెళ్లాక, కథ మొత్తంలో ఒక్క డా కూడా లేకుండా నడిపించవచ్చు. రాజు ఉండు, రాజుకు ఏడుగురు కొడుకులు ఉండు, వాళ్లు వేటకు వెళ్లు. వినేవాళ్లకు ఎక్కడా తడబాటు ఉండదు.

● ఈ రాగాల గుర్తులతో, రోమన్ అక్షరాలతో వియత్నామీని అచ్చువేసిన తొలి నిఘంటువు 1651 నాటిది. జెసూయిట్ మిషనరీ అలెగ్జాండర్ ద రోడ్స్ దాన్ని రోమ్‌లో అచ్చువేయించాడు. వియత్నామీ మాటలకు పోర్చుగీసు, లాటిన్ అర్థాలతో మూడు భాషల నిఘంటువు. వెంట చిన్న వ్యాకరణం కూడా ఉంది. మన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువుకు రెండు వందల ఏళ్ల ముందు మాట.

● మరణాన్ని చెప్పేటప్పుడు రెండు భాషలూ గొంతు తగ్గిస్తాయి.

చేత్ అనేది మొరటు మాట. ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఆ మాట అనరు. 'మత్ రోయ్' అంటారు. మత్ అంటే పోగొట్టుకోవడం, కనబడకుండా పోవడం. పర్సు పోయినా మత్ రోయే, తాతగారు పోయినా మత్ రోయే. మనమూ 'పోయారు' అంటాం, ఆ 'పోయింది' అనే మాటనే పర్సుకూ వాడతాం. ఇది ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నదీ కాదు. ప్రియమైనవాళ్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మనుషుల నోరు అటే తిరుగుతుందేమో.

● ఐర్లండ్‌కు వియత్నామీ భాష ఎప్పుడు వచ్చిందో మీకు తెలుసా?

1979లో. యుద్ధం ముగిశాక పడవల్లో సముద్రం మీద పడ్డ లక్షల మందిలో 212 మందిని ఐర్లండ్ ప్రభుత్వం ఆశ్రయమిచ్చి తెచ్చుకుంది. తరవాత విడిపోయిన కుటుంబాలను కలిపే పద్ధతిలో మరికొందరు వచ్చారు. మా కో అలా వచ్చినవాళ్లలో ఒకరు, అప్పటికింకా బడికెళ్లే పిల్ల. ఊరు మెకాంగ్ నది డెల్టాలో ఎక్కడో కాలవ గట్టున. కొబ్బరిచెట్లు, వరిచేలు, పడవల మీద సంత. ఆవిడ వర్ణిస్తుంటే నాకు కోనసీమే కళ్లముందు కదిలేది.

నేను కొంచెం నేర్చుకున్నాక ఒకరోజు ధైర్యం చేసి, మాటలు కూడబలుక్కుని ఆవిడను వియత్నామీలోనే అడిగాను: అత్తా, మళ్లీ మీ ఊరు వెళ్లావా? 'కో వే కే చుఅ?' వే అంటే తిరిగి వెళ్లు, కే అంటే సొంతూరు. నలభై ఏళ్లు దాటాయి, ఆవిడ వయసు అరవైకి దగ్గరపడింది. ఆవిడ చేతిలో కూర తరిగే కత్తి ఆగింది. ఖొంగ్ అంటుందేమో అనుకున్నాను.

'చుఅ,' అంది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది.